వానాకాలపు హస్తవాసి

ఎదురింటి కుట్టుమిషనావిడ మా అత్తగారితో అన్నదట: "చోద్యం కాకపోతే, పెళ్ళాం నిలబడి పాఠం చెప్పడమేమిటి, మొగుడు పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడడమేమిటి? అయినా ఈ వానలు వెలిసేలోపు ఆ పళ్ళెం కూడా ఊడుతుందట కదా పెద్దమ్మా!" ఆవిడకు ఈ మాట కాలేజీ గేటు ముందు టీ కొట్టతను చెప్పాడట. అతనికి సెక్రటరీగారి కారు డ్రైవరు చెప్పాడట. మా ఇంటి సంగతి అలా వీధులన్నీ తిరిగి, తలా ఒక పూత పూయించుకుని, చివరికి మా గుమ్మంలోకే వచ్చింది.

అత్తగారు వంటగది తలుపుకు చేరగిలబడి అడిగింది. "ఏమే, నిజమేనా?"

"ఏది అత్తయ్యా? పళ్ళెం పట్టుకునే మాటా, ఊడే మాటా?"

"పట్టుకునేది పెళ్ళినాటి నుంచీ చూస్తున్నదేగా. ఊడేది అడుగుతున్నాను."

"ఇంకా ఏమీ తేలలేదు."

"ఆ తేలేదేదో తొందరగా తేలనీ. ఈలోపు కూర మాడుతోంది, చూసుకో."

నేను ఆ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. మా ఆయన అదే ల్యాబులో అటెండరు, పాఠం జరుగుతుంటే సామాను పళ్ళెం పట్టుకుని నా పక్కన నిలబడేవాడు. నేను చేరేటప్పటికే ఆయన అక్కడ ఉన్నాడు. పెళ్ళి ఆ తర్వాతి మాట. పిల్లలు ఆయన్ని ఫ్యూజుగారు అనేవాళ్ళు. ఏ గదిలో దీపం ఆరినా, ఏ ఫ్యాను మూలిగినా కేక ఆయనకే వెళ్ళేది. ఇంట్లో నేను "ఏమండీ" అంటే, కాలేజీలో ఆయన నన్ను "మేడమ్‌గారూ" అనేవాడు. ఆ రెండు పిలుపుల మధ్య మా సంసారం ఎక్కడా చెడకుండా నడిచిపోయింది.

కొత్తగా వచ్చిన సెక్రటరీగారు తడిగుడ్డతో గొంతు కోసే రకం. గొంతు పెంచడు, "అమ్మా" అనకుండా మాట మొదలుపెట్టడు. మీటింగులో మెల్లగా అన్నాడు. "ప్రయోగాలన్నీ తెర మీద వేసి చూపించవచ్చమ్మా. తెర మీద ప్రతిసారీ పనిచేస్తాయి. దుమ్ము పట్టదు, తుడవక్కర్లేదు. తుడిచే మనిషీ అక్కర్లేదు."

అందరూ బల్ల వైపు చూశారు. నేను ఊరుకోలేకపోయాను. "కళ్ళెదుట జరిగేది వేరు సార్."

"అయితే కళ్ళెదుటే చేసి చూపించండమ్మా. నేనే వచ్చి ముందు వరసలో కూర్చుంటాను. మీకు ఏదో రేకుల ప్రయోగంలో మంచి పేరుందట కదా, అదే చెయ్యండి. అయితే సరే, గదీ ఉంటుంది, మనిషీ ఉంటాడు. కాకపోతే నన్ను తప్పుపట్టకండి."

పేరున్న మాట నిజమే. అదెలా వచ్చిందో చెప్పాలి.

ఫిజిక్స్ చదివిన ప్రతివాడికీ తెలిసిన కష్టం ఒకటుంది. విద్యుత్తు పుస్తకంలో మొదటి పాఠం స్థిర విద్యుత్తు. కాలేజీ తెరిచేది వానల్లో. గాజుకడ్డీని పట్టుగుడ్డతో రుద్దితే దాని మీద విద్యుదావేశం నిలుస్తుంది. అయితే అది పొడిగాలిలో. గాలిలో తడి ఉంటే, రుద్దింది రుద్దినట్టే కడ్డీ మీది చెమ్మ వెంట జారిపోతుంది. చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే. ఏ ఎండాకాలంలోనో కూర్చుని రాసిన మహానుభావుడెవరో ఆ పాఠాన్ని తెచ్చి వానల నెత్తిన పెట్టాడు. అందుకని మిగతా కాలేజీల్లో ఆ పాఠం అంతా "అనుకోండి"తో నడుస్తుంది. కడ్డీ ఆకర్షించిందనుకోండి. రేకులు విడిపోయాయనుకోండి. పిల్లలూ అనుకుంటారు, పరీక్షలో రాస్తారు, మరిచిపోతారు.

నా తరగతిలో మాత్రం అనుకోవడం లేదు. విడిపోయేవి.

మా దగ్గర ఉన్నది పాతకాలపు బంగారు రేకుల విద్యుద్దర్శిని. చెక్క పెట్టె, ముందూ వెనకా అద్దం, పైన ఇత్తడి బిళ్ళ, దాన్నుంచి లోపలికి దిగిన ఊచ చివర అతుక్కుని వేలాడే రెండు పల్చటి రేకులు. ఆవేశమున్న కడ్డీని బిళ్ళ దగ్గరికి తెస్తే రెండు రేకులకూ ఒకే జాతి ఆవేశం చేరి ఒకదాన్నొకటి తోసుకుని విచ్చుకుంటాయి. కడ్డీ దూరంగా తీస్తే వాలిపోతాయి. నేను ఉదయం నుంచీ కడ్డీలూ గుడ్డలూ వేరే పెట్టెలో పెట్టి, లోపల బల్బు వెలిగించి ఉంచేదాన్ని. ఆ పెట్టె నా ఆలోచన. దాన్ని చూసి పక్క కాలేజీల వాళ్ళూ చేయించుకున్నారు. వాళ్ళ రేకులు కదల్లేదు. "సరిగ్గా ఆరబెట్టి ఉండరు" అనేదాన్ని. కెమిస్ట్రీ మాస్టారు మాత్రం "పెట్టెలో ఏముంది మేడమ్, మీ హస్తవాసి" అనేవాడు. నాకు హస్తవాసి మీద నమ్మకం లేదు. వినడానికి మాత్రం బాగుండేది.

ఆ ఏడు వాన పట్టు వదల్లేదు. అగ్గిపుల్ల గీస్తే పిండిలా రాలేది. ఉప్పు డబ్బాలో నీళ్ళు ఊరాయి. తలుపులు ఉబ్బి, తెరవాలంటే భుజం పెట్టి తోయాల్సి వచ్చేది. వసారాలో, వరండాలో, మంచాల మీదుగా కట్టిన తాళ్ళ నిండా బట్టలు. వాటి కింద నుంచి వంగి నడిచీ నడిచీ అందరికీ నడుములు పట్టేశాయి. ఆ తాళ్ళ కిందే మా అమ్మాయి చదువుకునేది. ఆ ఏడే డిగ్రీలో చేరింది, నా తరగతిలోనే.

"రెండు ఆవేశాల మధ్య దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతవుతుంది. అంతేనా అమ్మా?"

"అంతే."

"మూడు రెట్లయితే?"

"తొమ్మిదో వంతు."

మంచం మీద నుంచి అత్తగారు అందుకుంది. "అందుకే మా తోటికోడలు నాలుగు వీధులవతల కాపురం పెట్టింది. అయినా బలం తగ్గిందా? పెరిగింది! మీ పుస్తకంలో ఎక్కడో తప్పుంది."

అమ్మాయి పకపకా నవ్వింది. ఆయన కింద కూర్చుని గొడుగు ఊచ సరిచేస్తున్నాడు, ఆయనా నవ్వాడు. నాకే నవ్వు రాలేదు. ఈ ఉద్యోగం పోతే ఈయనకు ఈ వయసులో ఇంకెవరిస్తారన్నదే నా బుర్రలో తిరుగుతోంది. చదివింది స్కూలు వరకే. చేతిలో పనితనం ఉంది గానీ, దాన్ని అడిగి పుచ్చుకునే నోరు లేదు.

"ఏమండీ, బల్బు మార్చారా?"

"మార్చాను."

"పట్టుగుడ్డ?"

"ఇస్త్రీ చేసి పెట్టాను."

"ఈసారి పనిచెయ్యకపోతే?"

"ఏ ఏడు చెయ్యలేదు?" అన్నాడు. గొప్ప కోసం అన్న మాట కాదు. గొడుగు తెరిచి, మూసి, మూలన పెట్టి, భోజనానికి కూర్చున్నాడు.

సెక్రటరీగారు వచ్చే ముందురోజు మనసు నిలవక, క్లాసులు కాగానే ఒక్కదాన్నే ల్యాబుకు వెళ్ళాను. మా ఆయన కాలేజీ ఆఫీసు గదిలో ఫ్యాను ఎక్కిస్తున్నాడు. పెట్టెలోంచి కడ్డీ తీశాను. వెచ్చగా ఉంది. పట్టుగుడ్డతో బలంగా రుద్ది బిళ్ళ దగ్గరికి తెచ్చాను. రేకులు అలాగే వేలాడుతున్నాయి. మళ్ళీ రుద్దాను. గట్టిరబ్బరు ఎబొనైట్ కడ్డీ తీసి ఉన్నిగుడ్డతో రుద్దాను. ఉలుకూ పలుకూ లేదు.

ఆయన వచ్చి గుమ్మంలోంచి చూశాడు. చేతులు తుడుచుకుని వచ్చి బల్లకు ఎప్పుడూ నిలబడే వైపు నిలబడ్డాడు. "ఏదీ, ఇప్పుడు చెయ్యి."

"అవడం లేదండీ."

"తరగతిలో చెప్పినట్టే చెప్పు. నేనే పిల్లలననుకో."

నేను ఎప్పటి ధోరణిలోనే "ఇప్పుడు చూడండి" అని కడ్డీ తెచ్చాను. రేకులు విచ్చుకున్నాయి. కడ్డీ దూరం జరిపాను. వాలిపోయాయి. అక్కడి స్టూలు మీద కూలబడ్డాను.

"ఇందాక నా చేతులకు చెమట పట్టి ఉంటుంది" అన్నాను.

ఆయన నా వంక కాసేపు చూసి నవ్వాడు. అదో వింత నవ్వు. మా పెళ్ళయిన కొత్తల్లో నలుగురిలో ఉన్నప్పుడు నాకొక్కదానికే కనబడేలా నవ్వేవాడు, అలాంటిది. "అంతే, చెమటే" అన్నాడు.

మర్నాడు వాన రేకు కప్పు మీద కంకర పోసినట్టు కురుస్తోంది. మొదటి వరసలో సెక్రటరీగారు, ఆయన పక్కన ప్రిన్సిపాలు, కెమిస్ట్రీ మాస్టారు. పక్క బెంచీలో మా అమ్మాయి. వెనక అంతా పిల్లలు, తడిసిన గొడుగులు, తడి చెప్పుల వాసన. మా ఆయన తెల్లగా ఉతికిన చొక్కా వేసుకుని పళ్ళెం పట్టుకుని నా కుడిపక్క నిలబడ్డాడు.

పాఠం మొదలుపెట్టాను. రుద్దడం వల్ల ఆవేశం పుట్టదనీ, ఒకచోటిది ఇంకోచోటికి పోతుందనీ చెప్పాను. ఒకే జాతివి ఎడమొహం పెడమొహమనీ, వేరు జాతివి ఒకదాన్నొకటి వెతుక్కుంటాయనీ చెప్పాను. సెక్రటరీగారు ఫోను చూసుకుంటున్నాడు. వాన చప్పుడు మీదుగా అరిచి చెప్పలేక గొంతు బొంగురుపోయింది. సెక్రటరీగారు ఫోను పక్కన పెట్టి తలెత్తేదాకా మాట సాగదీశాను. చివరికి తలెత్తాడు. మళ్ళీ దించేస్తాడేమోనన్న ఆదుర్దాలో గబుక్కున అనేశాను.

"ఇప్పుడు చూడండి."

రేకులు విచ్చుకున్నాయి.

అందంగా, నిండుగా, ఎప్పటిలాగే విచ్చుకున్నాయి. నా చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. మా అమ్మాయి గొంతు వినబడింది. తరగతిలో మేడమ్ అని పిలవాలని నేనే నేర్పాను. అది మరిచిపోయింది.

"అమ్మా, కడ్డీ ఇంకా పెట్టెలోనే ఉంది."

"అమ్మా" అన్నందుకు ముందు పిల్లలు నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ మూసిన పెట్టెనూ తెరుచుకున్న రేకులనూ చూసి ఒక్కొక్కరే ఆగిపోయారు. అప్పటికి రేకులు మెల్లగా వాలాయి.

సెక్రటరీగారికి ఫిజిక్స్ రాదు. వ్యాపారం వచ్చు. "ఇంకొక్కసారి ఆ మాట అనండమ్మా" అన్నాడు.

అన్నాను. ఏమీ జరగలేదు. నా పక్కన మా ఆయన ఒకడుగు వెనక్కి జరిగి నిలబడి ఉన్నాడు.

సెక్రటరీగారు లేచి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, మూలుగుతూ బల్ల కిందకి వంగాడు. లేచేటప్పటికి చేతిలో చిన్న చెక్క ముక్క ఉంది. దాని మీద ఇళ్ళ గుమ్మాలకు పెట్టే కాలింగ్ బెల్లు మీట. మీటకు తీగ, తీగ చివర వల తీసేసిన పిడి ఒకటి. ఇంకో తీగ పైకి పోయి బల్ల సందులోంచి విద్యుద్దర్శిని చెక్క కాలులో దూరింది. అక్కడి నుంచి వార్నిషు కిందుగా, పైబిళ్ళ దాకా వెళ్ళి ఉంటుందని నాకప్పుడే తట్టింది.

"ఏమిటిది?"

"దోమల బ్యాటు సార్" అన్నాడు కెమిస్ట్రీ మాస్టారు. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు.

"ఎవరు పెట్టారు?"

"నేనేనండి" అన్నాడు మా ఆయన. "మేడమ్‌గారికి తెలియదు."

సెక్రటరీగారు ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగాడు. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "నిజమామ్మా? ఫిజిక్స్ చెప్పేది మీరు. మీకు తెలియదా?"

తెలుసంటే దొంగను. తెలియదంటే దద్దమ్మను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒకటే తేడా. తెలుసనే నుయ్యి అయితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. తెలియదనే గొయ్యి అయితే ఆయనదొక్కటే పోతుంది, నేను ఇంటికి జీతంతో తిరిగి వెళతాను. ఇదంతా అప్పుడు ఆలోచించానని చెప్పలేను. అమ్మాయి నా వైపు చూస్తోంది.

"తెలియదు" అన్నాను.

అది నిజమే. మా ఆయన తలవంచుకుని పళ్ళెం తుడవడం మొదలుపెట్టాడు. పళ్ళెం శుభ్రంగానే ఉంది.

ల్యాబుకు ఆ వారమే తాళం పడింది. ఆయన్ని రావద్దన్నారు. తరగతి గది గోడకు తెర బిగించారు. నేను మీట నొక్కితే తెర మీద ఎవరిదో చెయ్యి కడ్డీ తెచ్చేది, రేకులు విచ్చుకునేవి. ఎంత వానలోనైనా విచ్చుకునేవి. పిల్లలు చూసేవాళ్ళు. ఎవరూ ముందుకు వంగి చూసేవాళ్ళు కాదు. నేను కుర్చీలో కూర్చునే ఉండేదాన్ని. నిలబడాల్సిన పని లేదు.

ఆయన ఇంటి మెట్ల మీద బల్ల వేసుకుని మిక్సీలూ ఇస్త్రీపెట్టెలూ బాగుచేయడానికి కూర్చున్నాడు. మొదటి బేరం కుట్టుమిషనావిడదే. మిషను మోటారు తెచ్చి ఇచ్చి, వద్దన్నా వినకుండా అక్కడే కూర్చుని, అయ్యేదాకా ఓదార్చిందట. "ఆవిడ ఓదార్పు కంటే మోటారు కాలిపోవడమే నయం" అంది అత్తగారు. ఆయన నవ్వలేదు. నాతో మాటలు కూడా తగ్గించాడు. కోపం కాదు. ఉప్పు అందిస్తాడు, గొడుగు మరిచిపోతే వెంటవచ్చి ఇస్తాడు. ఏదో అడగాలని నోరు తెరిచి, అక్కర్లేదులే అన్నట్టు మూసేస్తాడు. నేనూ అడగలేదు. కాలేజీ నుంచి వచ్చేసరికి అడిగే ఓపిక కూడా ఉండేది కాదు. అమ్మాయి మా ఇద్దరి మధ్యా పళ్ళేలు పెట్టేది, తీసేది. అలా వానలన్నీ గడిచిపోయాయి.

చివరికి ఒక సెలవునాడు ఎండ కాసింది. ఇంట్లో తాళ్ళన్నీ విప్పేశాం. మధ్యాహ్నం నలుగురం ఒక్కసారే భోజనానికి కూర్చున్నాం. ఎండను చూసి అత్తగారికి ధైర్యం వచ్చినట్టుంది.

"ఒరే, ఇప్పుడైనా చెప్పు. ఆ దోమల బ్యాటు పని ఎందుకు చేశావురా?"

ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు. "ఈవిడ చేరిన ఏడు రేకులు కదల్లేదమ్మా. పిల్లలు గోల చేశారు. బీరువా వెనక్కి వెళ్ళి ఏడ్చింది. మరుసటి ఏడు పాత టీవీలోంచి ఒక తీగచుట్ట తీసి, మీట నొక్కితే పైబిళ్ళకు కరెంటు పోయేలా పెట్టాను. తర్వాత ఈ బ్యాట్లు వచ్చాయి, పని సులువైంది."

"అప్పటి నుంచా!" అన్నాను. "ఒక్కమాట నాతో చెప్పకూడదా?"

"చెప్పేదేముంది?" ఆయన మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "నీకు తెలుసనుకున్నాను."

"నాకెలా తెలుస్తుంది?"

"నేను కాలితో మీట నొక్కితే నువ్వు కడ్డీ దించేదానివి. తీసేస్తే ఎత్తేదానివి. ఒక్కసారి తప్పలేదు. ఇద్దరం తెలిసే చేస్తున్నాం, పైకి అనుకోవడం లేదంతే అనుకున్నాను. అది తెలిసే నన్ను చేసుకున్నావనుకున్నాను. ఆరోజు వాళ్ళ ముందు తెలియదన్నావు. మంచిపనే చేశావు, అలాగే అనాలి. ఇంటికొచ్చాక నాతో వేరేగా అంటావేమోనని చూశాను."

"నిజంగానే తెలియదండీ."

అత్తగారు నా వైపూ కొడుకు వైపూ మార్చి మార్చి చూసింది. ఆయన అన్నంలో చెయ్యి అలాగే పెట్టి కూర్చున్నాడు.

"అదెలాగ? ఇన్నేళ్ళు ఒకే బల్ల దగ్గర పక్కపక్కన నిలబడి, అదెలా తెలియకుండా ఉంటుంది?"

అమ్మాయి తలెత్తకుండానే, పళ్ళెంలో మిగిలింది ఊడ్చుకుంటూ అంది.

"అమ్మ ఒక్కసారైనా ఆ బల్ల కిందకి వంగితే కదా నాన్నా తెలిసేది. వంగి చేసే పనులన్నీ నీవేగా."